ఒక అంకెకు ముగ్గురు యజమానులు: చెన్నై ఎన్‌బీఎఫ్‌సీలో కంప్లయన్స్ డేటాను ఒకచోటికి తెచ్చిన కేస్ స్టడీ

మాది చెన్నై గిండీలో హెడ్ ఆఫీసు ఉన్న ఓ ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ. లారీలు, ట్రాక్టర్ల మీద ఇచ్చే లోన్లు, ఇళ్లూ షాపులూ తనఖా పెట్టుకుని ఇచ్చే లోన్లు మా ప్రధాన వ్యాపారం. తమిళనాడుతో పాటు నెల్లూరు నుంచి గుంటూరు దాకా బ్రాంచీలున్నాయి. అందుకే మా ఆపరేషన్స్ ఫ్లోర్‌లో తమిళం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. నేను కంప్లయన్స్ విభాగంలో, అంటే సంస్థ నిబంధనలు పాటిస్తోందో లేదో చూసే చోట, డేటా పని చూస్తాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా పోల్చుకునే సంగతులే ఇవి.

ఆస్తుల విలువ 1,000 కోట్ల రూపాయలు దాటింది కాబట్టి, 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ స్కేల్ బేస్డ్ రెగ్యులేషన్ (సంస్థ పరిమాణాన్ని బట్టి నిబంధనలు) ప్రకారం మేము మిడిల్ లేయర్‌లోకి వస్తాం. ఈ లేయర్‌లోని సంస్థలు 2023 అక్టోబర్ 1 లోపు చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్‌ను పెట్టుకోవాల్సి వచ్చింది. మా దగ్గర ఆ బాధ్యత తీసుకున్న మేడమ్ వచ్చీ రాగానే అడిగినది ఒకటే: "మనం పాటించాల్సినవి ఏంటి, వాటిలో ఏవి పాటించాం, అందుకు ఆధారం ఎక్కడుంది? ఒకే చోట చూపించండి."

ఒకే చోట అంటూ ఏదీ లేదు. ఫైనాన్స్ వాళ్ల రిటర్నులు (ఆర్‌బీఐకి పంపే లెక్కలు) ఫైనాన్స్ దగ్గర, నో యువర్ కస్టమర్ రికార్డులు ఆపరేషన్స్ దగ్గర, కంప్లయింట్లు కస్టమర్ సర్వీస్ దగ్గర, ఎన్‌పీఏ (మొండి బకాయిల) లెక్కలు రిస్క్ దగ్గర. ఎవరికి వారే యమునా తీరే. వీటన్నింటి మీదా కంప్లయన్స్ విభాగం పెట్టుకున్న మ్యాక్రోల ఎక్సెల్ ట్రాకర్ ఒకటి ఉండేది. ప్రతి క్వార్టర్ చివర అన్ని విభాగాలకూ మెయిల్ వెళ్లేది. జవాబు రాని విభాగానికి ఫోన్ వెళ్లేది. ఫోన్‌లో "అయిపోయింది సార్" అంటే ట్రాకర్‌లో ఆ గడి పచ్చబడేది.

2024 జనవరి 31న ఆర్‌బీఐ సర్క్యులర్ వచ్చింది. కంప్లయన్స్ పర్యవేక్షణకు సంస్థ మొత్తాన్నీ కలిపే, వర్క్‌ఫ్లో ఉన్న సిస్టమ్‌ను జూన్ 30లోగా పెట్టుకోవాలని అందులో ఉంది. వ్యాపార విభాగాలు, కంప్లయన్స్, ఐటీ, పై మేనేజ్‌మెంట్ అందరూ అందులోనే పనిచేయాలి. ఎక్కడైనా ఉల్లంఘన జరిగితే అది పైకి వెళ్లాలి. నిబంధన నుంచి పక్కకు జరిగినా, రిపోర్టు ఆలస్యమైనా తగిన అధికారి ఆమోదం రికార్డులో ఉండాలి. మొత్తం పరిస్థితి ఒకే డ్యాష్‌బోర్డులో కనిపించాలి. ఈ సర్క్యులర్‌కు ముందు ఆర్‌బీఐ కొన్ని సంస్థల్లో పరిశీలన చేయిస్తే, మ్యాక్రోల స్ప్రెడ్‌షీట్ల నుంచి సాఫ్ట్‌వేర్ దాకా రకరకాల పద్ధతులు బయటపడ్డాయి. మా ట్రాకర్ ఏ కోవకు చెందుతుందో చెప్పక్కర్లేదు.

సర్క్యులర్ వచ్చిన వారం నుంచే వెండర్ల డెమోలు మొదలయ్యాయి. అన్ని డెమోల్లోనూ అవే రంగుల చక్రాలు, అవే బాణం గుర్తులు. టూల్ తప్పకుండా కావాలి, గడువూ ఉంది, కాబట్టి ఒకటి తీసుకున్నాం. దాని గురించి ఇంతకుమించి రాయను. టూల్ అనేది ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో గుర్తుచేస్తుంది. ఆ పనిలో వేసిన అంకె నిజమా కాదా అన్నది దానికి తెలియదు. అందుకే టూల్ పని ఒకవైపు నడుస్తుండగానే రెండు నిబంధనలు ఎంచుకుని, వాటి డేటా ఎక్కడ పుట్టి ఎక్కడి దాకా వెళ్తోందో చివరంటా పట్టుకు వెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఒకటి ఆస్తి పత్రాల వాపసు, రెండోది ఎన్‌పీఏ లెక్క.

పత్రాలు ఎన్ని రోజుల్లో ఇచ్చాం?

2023 సెప్టెంబర్ 13 నాటి ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీలో నమోదైన చార్జ్‌ను (ఆస్తి మీద మాకున్న తనఖా హక్కును) కూడా తీయించాలి. ఆలస్యానికి సంస్థే కారణమైతే రోజుకు రూ.5,000 చొప్పున కస్టమర్‌కు చెల్లించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది.

మా ట్రాకర్‌లో ఈ వరుస ఎప్పుడూ పచ్చగానే ఉండేది. ఇంటర్నల్ ఆడిట్ శాంపిల్‌లో వచ్చిన నెల్లూరు అకౌంట్ ఒకటి విప్పి చూశాం. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో (లోన్ పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో మేమిచ్చే లెటర్‌లో) రాసిన మొత్తం అంతా కస్టమర్ 2024 జూన్ 15, శనివారం నాడు కట్టేశాడు. లోన్ సిస్టమ్‌లో అకౌంట్ క్లోజ్ అయింది జూన్ 27న. పత్రాల ఫైలు కావాలని గోడౌన్‌కు రిక్వెస్ట్ వెళ్లింది జూలై 1న. ఫైలు నెల్లూరు చేరింది జూలై 17న. కస్టమర్ సంతకం పెట్టి తీసుకెళ్లింది జూలై 19న.

ఇప్పుడు ఎన్ని రోజులు పట్టినట్టు? గోడౌన్ వ్యవహారాలు చూసే అడ్మిన్ విభాగం రిజిస్టర్‌లో 16 రోజులని ఉంది, ఎందుకంటే వాళ్ల లెక్క రిక్వెస్ట్ నుంచి ఫైలు బ్రాంచికి చేరేదాకా. ఆపరేషన్స్ షీట్‌లో 22 రోజులు, సిస్టమ్‌లో క్లోజ్ అయిన తేదీ నుంచి. కస్టమర్ వైపు నుంచి చూస్తే డబ్బు కట్టిన రోజు నుంచి 34 రోజులు. ట్రాకర్‌కు వచ్చింది ఆపరేషన్స్ అంకె. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి గడియారం వాళ్లకు వాళ్ల పని మొదలైనప్పుడే మొదలైంది.

జూన్ 15కీ 27కీ మధ్య ఏం జరిగిందో తెలుసుకుందామని నెల్లూరు బ్రాంచికి ఫోన్ చేశాను.

"డబ్బు శనివారమే వచ్చేసింది సార్. కానీ సిస్టమ్‌లో 590 రూపాయలు బౌన్స్ చార్జీ చూపిస్తా ఉండింది. లెటర్ ఇచ్చిన తర్వాత పడింది అది. అది ఉంటే అకౌంట్ క్లోజ్ కాదు గదా సార్. ఆ చార్జీ వేవర్‌కి, అదే మాఫీకి, మెయిల్ పెట్టినాం. ఏరియా మేనేజర్ లీవులో ఉన్నాడు, వచ్చినాకనే అప్రూవ్ అయింది."

రూ.500 బౌన్స్ చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. మేమే రాసిచ్చిన లెటర్‌లో లేని 590 రూపాయల కోసం గడియారం పన్నెండు రోజులు ఆగిపోయింది. గడువు మీద నాలుగు రోజులు ఆలస్యం, అంటే రూ.20,000. కస్టమర్ అడగలేదు. అయినా మేడమ్ ఆ మొత్తం చెల్లించమని నోట్ రాసి పంపారు. ఆ నోట్ మీద ఆపరేషన్స్ వాళ్లు గట్టిగానే వాదించారు కానీ, మేమిచ్చిన లెటర్ ప్రకారం లోన్ పూర్తిగా తీరినట్టే అన్న మాటకు వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది.

దీని నుంచి ఇంకో తీగ కదిలింది. ఆ ఆదేశం వర్తించేది పర్సనల్ లోన్లకు. ఆర్‌బీఐ నిర్వచనం ప్రకారం ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకున్న లోన్లూ అందులోకి వస్తాయి. షాపు తనఖా పెట్టి వ్యాపారానికి తీసుకున్న లోన్ రాదు. మరి మా ఆస్తి తనఖా లోన్లలో ఏది ఏ కోవలోది? లోన్ దేనికి అన్న గడిలో బ్రాంచి వాళ్లు టైప్ చేసినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "షాపు", "పెళ్లి", "పాత బాకీ", "సొంతానికి", ఇక సగం చోట్ల "ఇతరాలు". ఈ డేటాను శుభ్రం చేసి, తర్వాత నిబంధన పెట్టుకుందామంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఆస్తి తనఖా లోన్లన్నింటికీ 30 రోజుల గడువు వర్తింపజేయాలని నిర్ణయించాం. కొత్త లోన్లకు మాత్రం ఆ గడిలో టైపింగ్ తీసేసి, జాబితాలోంచి ఎంచుకునేలా మార్చాం.

గడియారం కూడా మారింది. లెటర్‌లో ఉన్న మొత్తం జమ అయిన రోజే మొదటి రోజు, ఆ తేదీని సిస్టమే లెక్కిస్తుంది, చేత్తో మార్చడానికి వీల్లేదు. లెటర్ తర్వాత పడిన చార్జీలు ఆ గడియారాన్ని ఆపలేవు. ఫోర్‌క్లోజర్ లెటర్ జనరేట్ అవుతూనే శ్రీపెరుంబుదూర్ వైపున్న గోడౌన్‌కు ఫైలు రిక్వెస్ట్ వెళ్తుంది. కస్టమర్ మనసు మార్చుకుంటే ఫైలు వెనక్కి వెళ్తుంది, ఆ ఖర్చు పెద్దదేం కాదు. ఇక ఈ పని ముగిసినట్టు సిస్టమ్ ఒప్పుకోవాలంటే రెండు కాగితాలు అప్‌లోడ్ కావాలి: కస్టమర్ సంతకం పెట్టిన రసీదు, సెర్సాయ్‌లో (తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీలో) చార్జ్ తొలగించినట్టు రుజువు. రెండోది మొదట్లో అందరూ మర్చిపోయేవాళ్లు.

చీమకుర్తి లారీ

రెండోది ఎన్‌పీఏ లెక్క. ఇక్కడ డేటా కంటే మనుషుల విషయం ఎక్కువ.

2021 నవంబర్ 12న ఆర్‌బీఐ ఇచ్చిన వివరణ ఈ లెక్కకు మూలం. బాకీ పడిన రోజును గడువు తేదీ నాటి డే ఎండ్ ప్రాసెస్‌తోనే (రోజు ముగిశాక సిస్టమ్ వేసే లెక్కతోనే) గుర్తించాలి. ఆర్‌బీఐ ఇచ్చిన ఉదాహరణే చెబుతాను. మార్చి 31న కట్టాల్సింది కట్టకపోతే ఆ రోజే బాకీ మొదలు. కట్టకుండా అలాగే ఉంటే ఏప్రిల్ 30న ఎస్‌ఎంఏ-1, మే 30న ఎస్‌ఎంఏ-2 (ఈ రెండూ ఎన్‌పీఏకు ముందు వచ్చే హెచ్చరిక దశలు), జూన్ 29న ఎన్‌పీఏ. అదే సర్క్యులర్‌లో ఇంకో మాట ఉంది: ఒకసారి ఎన్‌పీఏ అయిన అకౌంట్ తిరిగి స్టాండర్డ్ (మామూలు లోన్) కావాలంటే అసలు, వడ్డీ బకాయిలు మొత్తం తీరాలి. ఈ రెండో భాగానికి ఎన్‌బీఎఫ్‌సీలకు 2022 సెప్టెంబర్ 30 దాకా వ్యవధి ఇచ్చారు.

చీమకుర్తి నుంచి గ్రానైట్ తోలే లారీ యజమాని ఒకాయన ఈఎంఐలు వరుసగా కట్టలేక ఎన్‌పీఏలో పడ్డాడు. తర్వాత క్వారీ పని పుంజుకుని రెండు ఈఎంఐలు కట్టాడు. ఇంకా ఒకటి ఉంది. కలెక్షన్స్ విభాగం లెక్క బకెట్లలో నడుస్తుంది: ఎన్ని ఈఎంఐలు పెండింగ్ ఉంటే అన్నో బకెట్. వాళ్ల షీట్‌లో ఈ అకౌంట్ మొదటి బకెట్‌కు దిగింది, శభాష్ అనిపించుకుంది. రిస్క్ లెక్కలో అది ఇంకా ఎన్‌పీఏ. ఫైనాన్స్ వాళ్లు ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం స్టేజీల్లో చూస్తారు, పైగా వాళ్ల రిపోర్టు నెల మొదట్లో వెనక తేదీల ఎంట్రీలన్నీ పడ్డాక తీసింది. మూడు షీట్లు, మూడు జవాబులు. కస్టమర్ల లోన్ చరిత్ర ఉంచే క్రెడిట్ బ్యూరోలకు వెళ్లే ఫైలు ఎక్కడి నుంచి తయారవుతోందని చూస్తే, కలెక్షన్స్ డంప్ నుంచి!

ఇది కేవలం ఆఫీసు గొడవ కాదు. బ్యూరోకు వెళ్లిన తప్పును కస్టమర్ చూపించి దిద్దమంటే 30 రోజుల్లో తేల్చాలి, లేకపోతే రోజుకు రూ.100 పరిహారం. 2025 జనవరి 1 నుంచి బ్యూరోలకు డేటా పదిహేను రోజులకోసారి, పక్షం ముగిసిన ఏడు రోజుల్లో పంపాలన్న నియమం వచ్చింది. నెలకోసారి పంపేటప్పుడు ఏ మూలో సర్దుకుపోయే తేడాలు దాంతో నెలకు రెండుసార్లు బయటపడడం మొదలైంది.

కలెక్షన్స్ హెడ్ మొదటి మీటింగ్‌లోనే అడ్డం తిరిగాడు. "బకెట్లు మా వాళ్లు పదేళ్ల నుంచి వాడుతున్నారు, మీరొచ్చి మార్చమంటే ఎట్లా?" అన్నాడు. పైకి అలవాటు గొడవలా కనిపించింది. అసలు సంగతి తర్వాత టీ దగ్గర తెలిసింది: ఫీల్డ్ స్టాఫ్ ఇన్సెంటివ్ ఆ బకెట్ల మీదే లెక్క కడతారు. నిర్వచనం మారితే ఒంగోలులో తిరిగే కుర్రాడి జీతంలో తేడా వస్తుంది. ఆ భయం న్యాయమైనదే. డేటా ప్రాజెక్టుల్లో ఇలాంటి ప్రతిఘటన ఎదురైతే జీతం, ఇన్సెంటివ్, టార్గెట్ ఎక్కడున్నాయో ముందు వెతకాలన్నది నా అభిప్రాయం. సగం కేసుల్లో జవాబు అక్కడే ఉంటుంది.

అందుకే బకెట్లను ముట్టుకోలేదు. ఇన్సెంటివ్ కోసం అవి అలాగే నడుస్తాయి. కానీ ఆర్‌బీఐకో, బ్యూరోకో, ఆడిటర్‌కో వెళ్లే ఏ రిపోర్టులోనూ ఆ గడి వాడకూడదు. బకాయి రోజులు, ఆస్తి వర్గీకరణ రెండూ రోజూ రాత్రి డే ఎండ్‌లో ఒకే చోట లెక్కవుతాయి. ఆ అంకెకు యజమాని రిస్క్ విభాగం. ఫైనాన్స్, బ్యూరో ఫైలు, డీఎన్‌బీఎస్ రిటర్నులు (ఎన్‌బీఎఫ్‌సీలు ఆర్‌బీఐకి పంపేవి) అన్నీ అక్కడి నుంచే తీసుకోవాలి, ఎవరూ తమ షీట్‌లో మళ్లీ లెక్క కట్టకూడదు.

మిగిలిన చిక్కు నగదు. నెలాఖరు సాయంత్రం చీమకుర్తిలో ఫీల్డ్ స్టాఫ్ నగదు తీసుకుని యాప్‌లో రసీదు ఇస్తాడు, బ్యాంకులో వేసేది మర్నాడు. ఏ తేదీ పట్టాలి? కస్టమర్ చేతిలో రసీదు ఉంది కాబట్టి రసీదు తేదీనే పట్టాలని నిర్ణయించాం. అయితే రసీదు డే ఎండ్‌కు ముందు యాప్‌లో పుట్టి ఉండాలి. కాగితం మీద రాసిచ్చి రెండు రోజుల తర్వాత వెనక తేదీతో ఎక్కిస్తే అది సిస్టమ్‌లో విడిగా కనిపిస్తుంది, ఏరియా మేనేజర్ కారణం రాయాల్సిందే.

ఒకచోటికి తెచ్చింది ఏంటి?

ఈ రెండింటి నుంచి నేర్చుకున్నదాన్నే మిగతా నిబంధనలకూ పరిచాం. ప్రతి నిబంధనకు ఒక వరుస. అందులో మేము పాటించాల్సింది ఏంటో మామూలు భాషలో రాసి ఉంటుంది. ఏ అంకె దాన్ని రుజువు చేస్తుంది, ఆ అంకె ఏ సిస్టమ్‌లో ఏ గడిలో పుడుతుంది, దానికి యజమాని ఎవరు, ఆధారంగా ఏ కాగితం ఉండాలి అన్నవి దాని పక్కనే. యజమాని గడిలో విభాగం పేరు రాస్తే ఒప్పుకోలేదు, ఫలానా హోదా అని రాయాల్సిందే. "ఆపరేషన్స్" అని రాస్తే ఎవరూ లేనట్టే.

నిబంధనలకు సర్క్యులర్ నంబర్‌ను గుర్తుగా వాడకూడదని మొదట్లోనే అనుకున్నాం. ప్రతి వరుసకు మా సొంత నంబర్, సర్క్యులర్ దానికి తగిలించిన లింకు మాత్రమే. మేడమ్ పట్టుబట్టి పెట్టించిన పద్ధతి ఇది. అప్పట్లో నాకు చాదస్తంలా అనిపించింది. 2025 నవంబర్‌లో ఆర్‌బీఐ తొమ్మిది వేలకు పైగా పాత సర్క్యులర్లను రద్దు చేసి 244 మాస్టర్ డైరెక్షన్లుగా కూర్చినప్పుడు దాని విలువ తెలిసింది. పనైతే తప్పలేదు, ప్రతి లింకూ మార్చాం, మాటల్లో తేడాలున్నాయేమో చదివాం. కానీ యజమానులు, ఆధారాలు, పాత చరిత్ర ఎక్కడివక్కడే ఉన్నాయి.

రిపోర్టు పంపిన రోజు డేటాను ఉన్నదున్నట్టు భద్రపరుస్తాం. తర్వాత వెనక తేదీ ఎంట్రీ పడితే కొత్త వెర్షన్ వస్తుంది, పాతది చెరిగిపోదు. ఆరు నెలల తర్వాత ఎవరైనా "మార్చి రిటర్న్‌లో ఈ అంకె ఎలా వచ్చింది" అంటే, ఆ రోజు సిస్టమ్‌లో ఏముందో అదే చూపించగలగాలి. బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ 2013 జనవరిలో బ్యాంకుల రిస్క్ డేటా గురించి ఇచ్చిన సూత్రాలు మాకు వర్తించవు కానీ, ఈ ఆలోచనకు అవి బాగా పనికొచ్చాయి. 2008 సంక్షోభంలో ప్రపంచంలోని పెద్ద బ్యాంకులే తమకు ఎక్కడ ఎంత రిస్క్ ఉందో త్వరగా కూడి చెప్పలేకపోయాయి, ఆ సూత్రాలు పుట్టింది అందుకే.

ఒకచోటికి తేవడం అంటే అన్నీ కాపీ చేసి ఒక డేటాబేస్‌లో పోయడం అనుకునేవాళ్లు ఐటీలో ఉన్నారు. మేము దానికి ఒప్పుకోలేదు. కస్టమర్ పేరు, ఆధార్, ఫోన్ నంబర్ ఈ కేంద్ర స్టోర్‌లోకి రావు, అకౌంట్ నంబర్ వస్తే చాలు. కంప్లయన్స్ లెక్కకు అక్కర్లేని వ్యక్తిగత వివరాలు పోగేసి, తర్వాత డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కింద వాటికి కాపలా కాయడం ఎందుకు?

డ్యాష్‌బోర్డు

ఆధారం అప్‌లోడ్ కాకపోతే పచ్చరంగు రాదన్న నియమం ఒక్కటే మొత్తం బొమ్మను మార్చేసింది. ఆలస్యానికి ఆమోదం ఉంటే అది పసుపు, ఆమోదం లేకుండా గడువు దాటితే ఎరుపు. గడువు దాటాక ఆమోదం తెచ్చినా పసుపులోకి మారదు. దీని మీద కూడా పెద్ద పేచీయే జరిగింది.

మొదటిసారి మేనేజ్‌మెంట్ ముందు తెరిచినప్పుడు, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ సార్ కాసేపు చూసి, "ఏమ్మా, అంత డబ్బు పోసి టూల్ కొన్నాక తప్పులు పెరిగినయ్యేంది?" అన్నారు.

మేడమ్ ఒక వరుస మీద క్లిక్ చేశారు. "ఇది చూడండి సార్. పోయిన క్వార్టర్ పచ్చ. పత్రాల రసీదులు అడిగితే మూడు బ్రాంచీల నుంచి రాలేదు. ఈ క్వార్టర్ ఎరుపు."

"ఏయే బ్రాంచీలు?" అని అడిగి ఆయన పెన్ను తీశారు. ఆ మీటింగ్‌లో మిగతా సమయమంతా ఆ బ్రాంచీల మీదే గడిచింది. తర్వాతి నెలల్లో ఎరుపు తగ్గింది కానీ, ఎంత తగ్గిందన్న అంకెను గొప్పగా చూపించడం నాకు ఇష్టం లేదు. విభాగాలు ఆధారాలు పెట్టడం నేర్చుకున్నందువల్ల తగ్గిందెంత, పని నిజంగా మెరుగుపడి తగ్గిందెంత అన్నది ఇంకా విడదీయలేకపోతున్నాం.

ఇంకా తేలనివి

బయటి కలెక్షన్ ఏజెన్సీల డేటా ఇంకా మెయిల్ అటాచ్‌మెంట్లలోనే వస్తోంది. వాళ్ల యాప్‌ను మా సిస్టమ్‌కు కలపడానికి ఔట్‌సోర్సింగ్ ఒప్పందం తిరగరాయాలి, లీగల్ దగ్గర ఉంది. గోడౌన్‌లో పాత ఫైళ్లకు బార్‌కోడ్ లేదు. 2015కు ముందు ఇచ్చిన లోన్ల ఫైలు కావాలంటే మనిషి వెళ్లి వెతకాల్సిందే, ఇప్పుడు పత్రాల గడువు దాటుతున్న కేసుల్లో ఎక్కువ ఇవే. ఈ ఏడాది బడ్జెట్‌లో బార్‌కోడింగ్‌కు డబ్బు అడిగాం. ఫైనాన్స్ వాళ్లు సగానికి ఒప్పుకున్నారు. ఆ సగాన్ని పాత ఫైళ్లన్నింటి మీదా పరచకుండా, వచ్చే రెండేళ్లలో తీరబోయే లోన్ల జాబితా సిస్టమ్ నుంచి తీసి ముందు వాటికే వేయిస్తున్నాం. మొదటి విడత నెల్లూరు, ఒంగోలు ఫైళ్లది.